గొట్టములోని సున్నపు పొర: కనిపెట్టిన విధము

కళ్యాణదుర్గము మెట్టలో బోరుబావి నీరు కాచు రాగి బాయిలరును కొంతకాలము వాడిన పిదప లోపల తడిమినచో గరుకైన తెల్లని పొర చేతికి తగులును. కఠినజలము కాగినపుడు అందలి కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కాల్షియం కార్బనేటుగా గోడకు అంటుకొనును. రాగి ప్రసరింపజేయు వేడిలో నూరవ వంతైనను ఈ పొర ప్రసరింపజేయదు. కట్టెలు ఎక్కువ పట్టుటకు కారణ మిదియే.

బాయిలరులో చేయిపెట్టి చూడవచ్చును. థర్మల్ విద్యుత్ కేంద్రములోని కండెన్సరు సంగతి వేరు. ముద్దనూరు వద్ద 1994లో పని ప్రారంభించిన రాయలసీమ కేంద్రము వంటి చోట్ల, వేలకొలది సన్నని గొట్టములలో చల్లని నీరు పారుచుండగా వెలుపల ఆవిరి ద్రవించును. లోపల పొర కట్టినచో వాక్యూము తగ్గి, అంతే విద్యుత్తునకు ఎక్కువ బొగ్గు ఖర్చగును. యంత్రమును విప్పకుండ దీనిని పసిగట్టు టెట్లు?

1861లో జూల్ శాస్త్రజ్ఞుడు ఆవిరి ద్రవీకరణముపై ప్రయోగములు చేసి, వేడికి అడ్డము లోహము కాదనియు, దాని నంటియున్న పలుచని నీటిపొరయే ప్రధానమనియు చూపెను. ఈ సంగతిని 1915లో విల్సన్ అను అమెరికను ఇంజనీరు చక్కగా వాడుకొనెను. నీటి వేగము పెంచినచో నీటిపొర నిరోధము తగ్గును; లోహపు నిరోధము, సున్నపు నిరోధము తగ్గవు. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: వేగము రెట్టింపైనచో నీటి నిరోధము సుమారు 0.57 వంతగును. మొత్తము నిరోధమును వేగము యొక్క 0.8 ఘాతపు విలోమమునకు ఎదురుగా గ్రాఫు గీచిన సరళరేఖ వచ్చును. దానిని వెనుకకు పొడిగించి, వేగము అనంతమైనచో మిగులు నిరోధమును చదువవచ్చును. శుభ్రమైన గొట్టపు రేఖకంటె పాత గొట్టపు రేఖ ఎంత పైకి జరిగినదో, అంత మలినము చేరినదన్నమాట!

అయితే ఆవిరి వైపు గాలి చొరబడినను రేఖ పైకి జరుగును. కావున గాలి సంగతి ముందు తేల్చుకొనవలెను. గొట్టపు రెండు కొనల నడుమ నీటి పీడనము మునుపటికంటె ఎక్కువ తగ్గుచున్నచో, దారి ఇరుకైనదని చెప్పుటకు అదియొక మంచి సాక్ష్యము.

1941లో అమెరికా తయారీదారుల సంఘము ఒక్కొక్క నీటికి ఒక్కొక్క మలిన నిరోధమును పట్టికగా ప్రకటించెను. డిజైనుకు అది సౌకర్యమే గాని, పట్టికలోని అంకె పెరుగదు. గొట్టములోని పొర పెరుగును. 1959లో కెర్న్, సీటన్ అనువారు చేరు మలినమునకును, ప్రవాహము కొట్టుకొనిపోవు మలినమునకును సమతూకము కుదిరినపుడు పొర పెరుగుట ఆగునని సమీకరణము వ్రాసిరి. మెత్తని బురదకు ఇది బాగుగ సరిపడును. గట్టి సున్నపు పొరను మాత్రము ప్రవాహము అంత సులభముగ కడుగజాలదు. పలుచని ఆమ్లముతోనో, బ్రష్షుతోనో దానిని తీయవలసినదే.