మొరాయించే మోటారు: దోషనిర్ణయం వెనుక చరిత్ర

పెట్రోలు మోటారు నడక మొదలుపెట్టడానికి మూడు పనులు జరగాలి. మొదట బయటి శక్తి ఏదో దానిని కొన్ని చుట్లు తిప్పాలి. లోపలికి పెట్రోలు ఆవిరి, గాలి తగు పాళ్లలో చేరాలి. సరియైన క్షణంలో నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో ఏది లోపించినా బండి మొరాయిస్తుంది. లోపించినది ఏదో తేల్చే విధానం మోటారు చరిత్రలోనే ఇమిడి ఉన్నది.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే మహిళ, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రాల బండిలో, ఇద్దరు కుమారులతో కలిసి మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకొనిపోతే టోపీసూదితో శుభ్రం చేసిందనీ, విద్యుత్ తీగ ఒరుసుకొనిపోతే మేజోటిపట్టీ చుట్టి సరిచేసిందనీ చెబుతారు. మొదటిది ఇంధనదోషం, రెండవది రవ్వదోషం. మూడవ దోషానికి అప్పుడు తావులేదు. బండి వెనుకనున్న పెద్ద చక్రాన్ని చేతితో తిప్పితేనే ఆ మోటారు నడక అందుకొనేది.

తరువాతి కార్లకు ముందుభాగంలో దూర్చి తిప్పే వంకర హ్యాండిల్ వచ్చింది. రవ్వ వేళకు ముందే పుడితే మోటారు వెనుకకు తన్ని, తిప్పేవాని మణికట్టు విరిగేది. ఈ కష్టం తీర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన 1910 నమూనా కాడిలాక్ కార్లకు బ్యాటరీతో రవ్వ పుట్టించే ఏర్పాటును, 1912 నమూనాకు విద్యుత్ స్టార్టరును సమకూర్చాడు. చేతికి విశ్రాంతి దొరికింది. కాని రెండు పనుల బరువూ ఒకే బ్యాటరీపై పడింది. మూడవ దోషం అలా పుట్టింది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ 1958 నుండి 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్ కారు మనకు సుపరిచితం. పాత అంబాసిడర్‌కు స్టార్టరుతోపాటు హ్యాండిల్ కూడ ఉండేది. బ్యాటరీ బలహీనమైనప్పుడు స్టార్టరు విద్యుత్తునంతా లాగివేయగా, 12 ఓల్టులు ఉండవలసిన పీడనం పడిపోయి రవ్వ మందగిస్తుంది. అదే బండి హ్యాండిల్ తిప్పగానే లేచినదంటే పెట్రోలు, రవ్వ రెండూ సరిగానే ఉన్నవన్నమాట. దోషం బ్యాటరీలోనో, దాని బిగింపులలోనో, స్టార్టరులోనో ఉండాలి. అంటే హ్యాండిల్ ఒక పరీక్షాసాధనం కూడ!

మోటారు చక్కగా తిరుగుతున్నా అంటుకోకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. అది పొడిగా ఉంటే పెట్రోలు రావటం లేదు. పెట్రోలుతో తడిసి ఉంటే రవ్వ పుట్టడం లేదు, లేదా చోక్ మితిమీరి లాగినందున పెట్రోలు ఎక్కువైనది. బరువులో 1 పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఆ పొత్తు బాగా చెడితే రవ్వ ఉన్నా మంట అంటదు.

శీతోష్ణస్థితి కూడ కొంత జాడ చెబుతుంది. కొల్లేటి పల్లపు గ్రామాలలో వానకాలపు ఉదయం డిస్ట్రిబ్యూటరు మూతపై చెమ్మ చేరితే, వేల ఓల్టుల విద్యుత్తు ప్లగ్గును చేరకుండ ఆ తడివెంట జారిపోతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మే నెలలో చింతలపూడి మెట్టపై మిట్టమధ్యాహ్నం నిలిపిన బండి లేవకపోతే, పంపులోని పెట్రోలు వేడికి ఆవిరి బుడగలైనదేమో అనుమానించాలి. డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పేది అందుకే. చెమ్మ ఒకచోట రోగం, మరొకచోట మందు! కారణం తెలియనివాడు ఈ మందులను తారుమారు చేస్తే లేవవలసిన బండి కూడ లేవదు.

నేటి కార్లలో రవ్వనూ, ఇంధనాన్నీ కంప్యూటరు నియమిస్తుంది, దోషాన్ని కూడ చాలవరకు అదే సూచిస్తుంది. పాత కారు ముందు ఆ పని మనిషిదే. ప్లగ్గు, పెట్రోలు గొట్టం, బ్యాటరీ అన్నీ ఒకేసారి మార్చితే బండి లేవవచ్చునుగాని, రోగమేదో తెలియదు. అది రేపు మళ్లీ రావచ్చును. ఒక్కొక్క అంశాన్నే మార్చి ఫలితాన్ని గమనించాలని ప్రయోగశాలలో విద్యార్థులకు చెప్పే నియమమే ఇక్కడనూ వర్తిస్తుంది.