నీటితొట్టిలో పురుడు

నొప్పులు పడు తల్లి బాధను గోరువెచ్చని నీరు తగ్గించునా? ఫ్రాన్సు దేశమున, పారిసుకు దక్షిణముననున్న పితివియే ఆసుపత్రిలో 1970 తరువాతి సంవత్సరములలో మిషెల్ ఓడెంట్ అను వైద్యుడును, శిక్షణ పొందిన మంత్రసానులును ఈ సంగతిని పరిశీలించిరి.

నీటిలో కూర్చున్న తల్లికి తన బరువు అంతగా తెలియదు. కండరముల బిగువు సడలును. అటునిటు కదలుట సులభమగును. తొట్టిని అమర్చినది నొప్పి తగ్గించుటకే గాని పురుడు పోయుటకు కాదు. అయినను కొందరు తల్లులు నీటిని వీడి రాలేదు. బిడ్డలు అందులోనే పుట్టిరి. అట్టి నూరు కాన్పులను గూర్చి ఓడెంట్ 1983లో 'లాన్సెట్' పత్రికలో వ్రాసెను.

మరి బిడ్డ నీరు పీల్చదా? పుట్టిన క్షణమున బిడ్డకు ప్రాణవాయువు ఇంకను బొడ్డుతాడు ద్వారానే అందుచుండును. ముఖమునకు చల్లని గాలి తగిలిన పిదపనే సాధారణముగా తొలి శ్వాస తీయును. కావుననే నీరు శరీరపు వేడికి దగ్గరగా నుండవలెను. బిడ్డను వెంటనే పైకి తీయవలెను. కడుపులోనే ప్రాణవాయువు చాలక అవస్థపడిన బిడ్డకు ఈ రక్షణ చాలదు. అందుచే చిక్కులున్న కాన్పులకు ఇది తగదు.

చిక్కులు లేని తల్లులకు నీటిలో కాన్పు, బయటి కాన్పుకంటె ఎక్కువ ప్రమాదకరము కాదని 2024లో వెలువడిన బ్రిటిషు పరిశీలన తెలిపెను. తొట్టిని వైద్యుడు తెచ్చెను. దానిలో కాన్పు కాగలదని చూపినవారు తల్లులే.