అమృతా షేర్‌గిల్: వంశం, శిక్షణ, కుంచె

ఆధునిక భారతీయ చిత్రకళా చరిత్రలో అమృతా షేర్‌గిల్ (1913–1941) స్థానం గురించి నేడు వివాదం లేదు గాని, ఆమె ఆ స్థానాన్ని ఎలా సంపాదించిందన్న ప్రశ్నకు మాత్రం రెండు తేలిక జవాబులు ప్రచారంలో ఉన్నాయి. తండ్రి సిక్కు, తల్లి హంగరీ దేశస్థురాలు కనుక రెండు ఖండాల రక్తమే ఆమె చిత్రాలలో కలిసిందనేది ఒకటి. ఇరవై ఎనిమిదేళ్లకే మరణించడం వల్ల ఆమె కీర్తి ఇంతగా పెరిగిందనేది రెండవది. పుట్టుకకూ చావుకూ ఘనత కట్టబెట్టే ఈ రెండు వాదాలూ, ఆ రెంటి మధ్యా ఆమె పడిన శ్రమను పక్కకు నెట్టివేస్తాయి. ఆమె కుటుంబం అసాధారణమైనదే, ఆమెకు అసాధారణమైన సాధనాలను సమకూర్చినదే. కాని ఆ సాధనాలతో ఎవరిని చిత్రించాలి, ఏ పద్ధతిలో చిత్రించాలి అన్నది ఆమె స్వయంగా తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం ఎంత దూరం నడిచి తీసుకున్నదో తెలియాలంటే ముందుగా ఆమె వంశచరిత్రను పరిశీలించాలి.

షేర్‌గిల్ అన్నది పంజాబులోని జాట్ సిక్కుల తెగలలో ఒకదాని పేరు. ఆ తెగలో, అమృత్‌సర్‌కు సమీపంలోని మజీఠా గ్రామం నుంచి వచ్చిన కుటుంబాలను మజీఠియా సర్దారులని పిలుస్తారు. మహారాజా రంజిత్ సింగ్ కొలువులో సేనానులుగా, ప్రాంతాల పాలకులుగా వీరు ఎదిగారు. 1839లో మహారాజు మరణించిన తరువాత పదేళ్లకే ఆయన రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఆ పతనానికి దారితీసిన రెండవ సిక్కు యుద్ధంలో (1848–49) అమృత తాత సూరత్ సింగ్ మజీఠియా కంపెనీకి ఎదురు నిలిచి, జాగీర్లను, అంటే కొలువుకు ప్రతిఫలంగా రాజు ఇచ్చిన భూమిశిస్తు హక్కులను పోగొట్టుకుని, కాశీకి ప్రవాసం వెళ్లవలసివచ్చింది. అదే సూరత్ సింగ్ 1857 తిరుగుబాటు కాలంలో కాశీలో ఆంగ్లేయుల పక్షం వహించి, అందుకు ప్రతిఫలంగా పింఛనును, గోరఖ్‌పూర్ ప్రాంతంలో భూములను పొందాడు. ఒకే మనిషి జీవితంలో ప్రతిఘటనా విధేయతా రెండూ ఇమిడిన ఈ చరిత్ర ఆయన కొడుకులిద్దరిలోనూ చెరొక పాయగా ప్రవహించింది. చిన్నకొడుకు సుందర్ సింగ్ మజీఠియా చీఫ్ ఖాల్సా దివాన్ అనే సిక్కు సంస్కరణ సంస్థలో ప్రముఖుడై, ‘సర్’ బిరుదు పొంది, పంజాబులో మంత్రిగా పనిచేయడమే కాక, గోరఖ్‌పూర్ భూములలో సరాయా అనే చోట చక్కెర మిల్లు నెలకొల్పాడు. పెద్దకొడుకు ఉమ్రావ్ సింగ్ (1870–1954) పదవుల జోలికి పోక పుస్తకాల వైపు మళ్లాడు. జాతీయవాదుల పట్ల సానుభూతి చూపినందువల్ల ఆంగ్ల ప్రభుత్వ అనుమానానికి గురయ్యాడు.

అమృత తండ్రి ఈ ఉమ్రావ్ సింగే. సంస్కృత పారశీక భాషలలో పండితుడు, కవి ఇక్బాల్‌కు మిత్రుడు, యోగసాధన, నక్షత్రశాస్త్రం, వడ్రంగం, అందమైన చేవ్రాత వంటి అనేక విషయాలలో ఆసక్తి గలవాడు అయిన ఆయన, వీటన్నిటికంటె మిన్నగా ఛాయాచిత్రకళను అభ్యసించాడు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకం నుంచి సుమారు యాభై ఏళ్లపాటు ఆయన తననూ, భార్యనూ, కూతుళ్లనూ రకరకాల దుస్తులలో, భంగిమలలో, అద్దాల ముందూ కిటికీల పక్కనా నిలిపి చిత్రాలు తీశాడు. కటకం ముందు కదలకుండా నిలవడం, తన రూపాన్ని తానే బయటి వస్తువుగా చూసుకోవడం, వెలుగు ముఖం మీద ఎటునుంచి పడుతుందో గమనించడం అమృతకు ఇంట్లోనే బాల్యక్రీడలుగా అలవడ్డాయి. పారిస్‌లో ఉండగా ఆమె వరుసగా వేసుకున్న స్వీయచిత్రాల మూలాలు తండ్రి ఛాయాచిత్రాలలో ఉన్నాయని చెప్పడానికి ఈ ఆధారం చాలు.

తల్లి మేరీ ఆంత్వానెత్ గోటెస్‌మాన్ యూదు మూలాలున్న సంపన్న హంగరీ కుటుంబంలో పుట్టి, పియానో వాద్యంలోను, ఒపెరా గానంలోను, అంటే పాశ్చాత్య సంగీత నాటకానికి చెందిన గాత్రంలోను శిక్షణ పొందింది. ఆమె లాహోరుకు రావడానికి కారణం కూడా సిక్కు రాజ్య చరిత్రే: రాజ్యం కోల్పోయి ఇంగ్లండు చేరిన దులీప్ సింగ్ మహారాజు కుమార్తె, రంజిత్ సింగ్ మనుమరాలు అయిన బంబా రాకుమారి పంజాబుకు వచ్చినప్పుడు ఆమెకు తోడుగా మేరీ ఆంత్వానెత్ వచ్చింది. భార్యను కోల్పోయి ఉన్న ఉమ్రావ్ సింగ్‌తో పరిచయం పెరిగి, 1912 ఫిబ్రవరిలో లాహోరులో వారి వివాహం జరిగింది. దంపతులు హంగరీకి వెళ్లిన తరువాత 1913 జనవరి 30న బుడాపెస్టులో అమృత, మరుసటి ఏడాది ఇందిర జన్మించారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవడంతో తిరుగు ప్రయాణం ఆగిపోయి, కుటుంబం 1921 దాకా హంగరీలోనే ఉండిపోయింది. కనుక అమృత తొలి ఎనిమిదేళ్లు ఆ దేశపు పల్లెలలో, ఆ భాషలో, ఆ జానపద కథల మధ్య గడిచాయి.

భారతదేశం చేరాక ఈ కుటుంబం సిమ్లాలోని సమ్మర్ హిల్‌లో స్థిరపడింది. కూతురిలోని ప్రతిభను గుర్తించి దాన్ని సాన పెట్టించాలన్న పట్టుదల తల్లిదే: 1924లో ఆమె అమృతను ఇటలీలోని ఫ్లారెన్సుకు తీసుకువెళ్లి అక్కడి బడిలో చేర్చింది గాని, ఆ కఠిన క్రమశిక్షణ బాలికకు గిట్టకపోవడంతో కొద్ది నెలలకే తిరిగివచ్చారు. సిమ్లాలోని క్రైస్తవ కాన్వెంటులో చదువుతూ తాను నాస్తికురాలినని ప్రకటించినందుకు అమృతను బడినుంచి తొలగించారు. ఈ దశలో ఆమెకు నిజమైన గురువుగా నిలిచినవాడు మేనమామ ఎర్విన్ బక్తాయ్. చిత్రకారుడిగా శిక్షణ పొంది, తరువాత భారతీయ సంస్కృతిని అధ్యయనం చేసి, మన ఇతిహాసాలను హంగరీ పాఠకులకు పరిచయం చేసిన ఆయన 1920ల రెండవ భాగంలో సిమ్లాకు వచ్చి, ఊహాచిత్రాలు మాని ఎదుట కూర్చున్న మనుషులను చూసి గీయమని మేనకోడలికి బోధించాడు. అలా కూర్చోవడానికి దొరికినవారు ఇంటి పనివాళ్లు. ఆ ఇంటి ఐశ్వర్యాన్ని తమ చేతులతో మోసిన మనుషుల ముఖాలను ఆమె మొదటిసారి శ్రద్ధగా చూసింది ఈ అభ్యాసంలోనే. తరువాతి కాలపు చిత్రాలకు బీజం ఇక్కడ పడింది.

1929లో కుటుంబమంతా పారిస్‌కు తరలింది. మొదట గ్రాండ్ షోమియేర్ అనే కళాశిక్షణాలయంలోను, తరువాత ప్రసిద్ధమైన ఎకోల్ దె బోజార్‌లో లూసియాఁ సిమోఁ వద్దను ఆమె ఐదేళ్లపాటు తైలవర్ణ చిత్రకళను, అంటే నూనెలో కలిపిన రంగులతో కాన్వాసు మీద వేసే పద్ధతిని నేర్చుకుంది. 1932లో వేసిన ‘యంగ్ గర్ల్స్’ చిత్రానికి మరుసటి ఏడాది పారిస్ సలోన్‌లో, అంటే ఫ్రెంచి కళాలోకం ఏటేటా గొప్పగా నిర్వహించే ప్రదర్శనలో, స్వర్ణపతకం లభించింది; దానితోపాటు ఆ సంస్థలో అసోసియేట్ సభ్యత్వమూ దక్కింది. చెల్లెలు ఇందిర, ఒక ఫ్రెంచి స్నేహితురాలు ఎదురెదురుగా కూర్చున్న ఆ చిత్రంలో చేయి తిరిగిన పనితనం కనిపిస్తుంది. చిత్రకారులు సెజాన్ నిర్మాణ దృష్టి, గోగాఁ చదును రంగులు ఆమెను ఆకట్టుకున్నది కూడా ఈ కాలంలోనే. ఇరవై ఏళ్లకే ఇంత గుర్తింపు పొందిన చిత్రకారిణికి పారిస్‌లోనే ఉండిపోవడం సుఖమైన మార్గం. అయినా తన చిత్రకళకు భవిష్యత్తు భారతదేశంలోనే ఉందని నిశ్చయించుకుని, తండ్రి అయిష్టాన్ని కూడా దాటి, ఆమె 1934 చివర తిరిగివచ్చింది. జన్మస్థలం హంగరీ, చదువు ఫ్రాన్సు అయిన మనిషికి ఇది ఇంటికి తిరిగిరావడం కాదు, ఒక దేశాన్ని బుద్ధిపూర్వకంగా ఎంచుకోవడం.

వచ్చిన వెంటనే 1935లో వేసిన ‘త్రీ గర్ల్స్’ ఆ మార్పును చూపిస్తుంది. ముగ్గురు యువతులు రంగురంగుల దుస్తులలో పక్కపక్కన కూర్చుని ఉన్నా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోరు. తమ బతుకు గురించి నిర్ణయం మరెవరో చేయబోతున్నారని ఎరిగిన మౌనం వారి ముఖాల మీద ఉంటుంది. 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ ఈ చిత్రానికి స్వర్ణపతకం ఇచ్చింది. అదే 1935లో సిమ్లా పరిసరాల కొండజాతి వారిని చూసి ‘హిల్ మెన్’, ‘హిల్ విమెన్’ చిత్రాలను వేసింది. అప్పటికి దేశంలో రెండు ధోరణులు ప్రబలంగా ఉన్నాయి: ఒకటి ఆంగ్ల కళాశాలలు నేర్పిన వాస్తవిక అనుకరణ, రెండవది బెంగాల్ శైలి, అంటే పలుచని నీటిరంగులను పొరలు పొరలుగా పరచి పురాణ గాథలను మృదువుగా చిత్రించే పద్ధతి. మొదటిదానిలో భారతీయత లేదని, రెండవదానిలో బలం లేదని ఆమె బాహాటంగా విమర్శించింది. సిమ్లా కళాసంఘం తన చిత్రాలలో కొన్నింటిని తిరస్కరించి ఒకదానికి బహుమతి ప్రకటించినప్పుడు ఆ బహుమతిని తిప్పి పంపింది.

1936 చివర మొదలుపెట్టిన దక్షిణ యాత్ర ఆమె కళకు కొత్త దారి చూపింది. బొంబాయిలో విమర్శకుడు కార్ల్ ఖండాలావాలాతో ఏర్పడిన స్నేహం ద్వారా మన పాత సూక్ష్మచిత్రాల, అంటే అరచేతి పాటి కాగితం మీద వేసే మొగలు, పహాడీ చిత్రాల విలువను గుర్తించింది. తరువాత అజంతా, ఎల్లోరా చూసింది. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేవి. వాటి సంరక్షణను గులాం యజ్దానీ నాయకత్వంలోని హైదరాబాదు పురావస్తు శాఖ చూసేది. మట్టిపూత మీద పలుచని సున్నపు పొర వేసి, దాని మీద రంగులు అద్దిన ఆ గోడచిత్రాలలో తక్కువ రేఖలతో నిండైన శరీరాన్ని నిలబెట్టే నేర్పును ఆమె అధ్యయనం చేసింది. ఆ యాత్రలోనే హైదరాబాదుకు కూడా వచ్చినా, ఇక్కడ ఆదరణ దొరకలేదు: కళాఖండాల సేకరణకు జీవితాన్ని ధారపోసిన నవాబు సాలార్‌జంగ్ ఆమె చిత్రాలను కొనకుండా తిప్పి పంపాడు. మైసూరులోనూ అంతే: అక్కడి మహారాజు రవివర్మ చిత్రాల వైపే మొగ్గాడు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా శిల్పాలనూ గడియారాలనూ చూసే తెలుగు సందర్శకులు గుర్తుంచుకోదగిన చిన్న చారిత్రక వాస్తవమిది.

కొచ్చిన్‌లోని మట్టంచేరి గోడచిత్రాలను చూసి, కన్యాకుమారి వరకు సాగి, సిమ్లాకు తిరిగివచ్చాక 1937లో వేసిన మూడు చిత్రాలను దక్షిణ భారత చిత్రత్రయమని పిలుస్తారు: ‘బ్రైడ్స్ టాయిలెట్’, ‘బ్రహ్మచారీస్’, ‘సౌత్ ఇండియన్ విలేజర్స్ గోయింగ్ టు మార్కెట్’. పెళ్లికూతురి అలంకరణను చూపే మొదటి చిత్రంలో ఉత్సాహం బదులు గంభీరత ఉంది. రెండవ చిత్రంలో తెల్లని ధోవతుల తెలుపునూ నల్లని దేహాల ఛాయనూ ఒకదానికొకటి దన్నుగా నిలిపి, వివరాలన్నీ తుడిచివేసి ఆకారాలను మాత్రమే మిగిల్చింది. పారిస్‌లో నేర్చిన నిర్మాణం, అజంతాలో చూసిన పొదుపు ఈ చిత్రాలలో విడదీయరానంతగా కలిసిపోయాయి. ఈ కలయిక రక్తం వల్ల సిద్ధించినది కాదు. గుహలలో, గుడులలో, చిత్రశాలలలో కూర్చుని చేసిన అధ్యయనం వల్ల సిద్ధించినది.

1938లో ఆమె బుడాపెస్టుకు వెళ్లి, తల్లి అభ్యంతరాలను లెక్కచేయక, తన పినతల్లి కుమారుడు, వైద్యుడు అయిన విక్టర్ ఈగాన్‌ను పెళ్లాడింది. మరుసటి ఏడాది రెండవ ప్రపంచయుద్ధానికి ముందు దంపతులు భారతదేశం చేరి, కొంతకాలానికి సరాయాలో నివసించసాగారు. చక్కెర మిల్లు ఆవరణలో విక్టర్ వైద్యం చేసేవాడు. సొంత సంపాదన చాలక పినతండ్రి కుటుంబం మీద ఆధారపడవలసి రావడం ఆమెను బాధించినా, ఆ ఇంటి స్త్రీల లోకాన్ని దగ్గరగా చూసే అవకాశం అక్కడే లభించింది. ‘ది స్వింగ్’, ‘విమన్ రెస్టింగ్ ఆన్ చార్‌పాయ్’, ‘ఏన్షియెంట్ స్టోరీటెల్లర్’ వంటి 1940 నాటి చిత్రాలలో మనుషుల పరిమాణం తగ్గింది, రంగులు చిక్కబడ్డాయి, పహాడీ సూక్ష్మచిత్రాలలో మాదిరిగా నేల పైకి లేచి నేపథ్యంగా మారింది. మధ్యాహ్నపు ఉక్కలో నులకమంచం మీద వాలిన స్త్రీ ఎర్రని దుస్తులలో ఆ ఇంటి కట్టుబాట్లూ, ఆమె అణచుకున్న కోరికలూ రెండూ కనిపిస్తాయి. జమీందారీ కుటుంబంలో పుట్టిన అమృత ఆ వ్యవస్థ వైభవాన్ని ఎన్నడూ చిత్రించలేదు. దాని లోపల కాలం వెళ్లదీసే స్త్రీలనూ, దాని చుట్టూ పనిచేసే మనుషులనూ చిత్రించింది.

1941 సెప్టెంబరులో దంపతులు లాహోరుకు మకాం మార్చారు. అక్కడ ప్రదర్శనకు సిద్ధమవుతుండగా డిసెంబరు మొదటి వారంలో ఆమె హఠాత్తుగా జబ్బుపడి మరణించింది; తల్లిదండ్రుల వివాహం జరిగిన నగరంలోనే, రావి నది ఒడ్డున తండ్రి ఆమెకు అంత్యక్రియలు జరిపించాడు. కూతురి మరణాన్ని తట్టుకోలేక కుంగిపోయిన తల్లి 1948లో ప్రాణత్యాగం చేసుకుంది. తండ్రి, భర్త కలిసి తమ వద్ద ఉన్న చిత్రాలను భారత ప్రభుత్వానికి సమర్పించారు. 1954లో ఢిల్లీలోని జైపూర్ హౌస్‌లో ప్రారంభమైన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు ఆ సేకరణ ఆధారమైంది. ఇందిర కుమారుడు, చిత్రకారుడు వివాన్ సుందరం (1943–2023) తాతగారి ఛాయాచిత్రాలనూ పెదతల్లి లేఖలనూ భద్రపరచి వెలువరించడమే కాక, ఆ ఛాయాచిత్రాల ఆధారంగా తానూ కొత్త కళాఖండాలను రూపొందించాడు.

పురావస్తువుల, కళానిధుల చట్టం (1972) కింద దేశం విడిచి వెళ్లరాని జాతీయ కళానిధులుగా తొమ్మిదిమంది చిత్రకారుల కృతులను ప్రభుత్వం ప్రకటించింది. ఆ తొమ్మిదిమందిలో ఏకైక మహిళ అమృతా షేర్‌గిల్. 2023 సెప్టెంబరులో ఆమె 1937 నాటి ‘ది స్టోరీ టెల్లర్’ చిత్రం వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది. బతికి ఉండగా కొనేవారు దొరకని చిత్రాలకు ఈ ధర రావడం గొప్ప విషయమే గాని, ఆమె ఘనతకు కొలమానం ధర కాదు. తాత నుంచి భూములు, తండ్రి నుంచి చూపు, తల్లి నుంచి పట్టుదల, మేనమామ నుంచి అభ్యాసపద్ధతి ఆమెకు సంక్రమించాయి. ఆ వారసత్వాన్నంతా ఖర్చు చేసి, ఆ వారసత్వంలో ఏ వాటా లేని స్త్రీలకూ శ్రామికులకూ భారతీయ చిత్రకళలో గౌరవస్థానం కల్పించింది ఆమే. 1934 నుంచి 1941 వరకు ఆమె చేసిన ఏడేళ్ల కృషే ఆమె అసలు జీవితచరిత్ర. ఢిల్లీ వెళ్లే తెలుగు పాఠకులు జైపూర్ హౌస్‌లో ఆ చిత్రాల ఎదుట కొంతసేపు నిలిచి ఆ చరిత్రను స్వయంగా చదువుకోవాలి.