చింతపండు పిప్పి నుంచి యాసిడ్ సీసా దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసివ్వమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు కాస్త జంకాను. కోటల గురించీ శాసనాల గురించీ రాయగలిగిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. 1971 నుంచి 2006 దాకా పురపాలక సంఘాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా మురుగు కాల్వల వెంట తిరిగిన నా బోటివాడికి తెలిసిన చరిత్ర వేరు. అందుకని స్నానాల గది కడుక్కోవడం గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన వయసువాళ్లం కాలు జారి పడే చోటు అదే. నేను ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్న చోటూ అదే. ఆ సంగతి తరవాత చెబుతాను.

మా చిన్నతనంలో స్నానాల గది ఇంట్లో ఉండేది కాదు, పెరట్లో ఉండేది. మూడు పక్కలా తాటాకు దడి, కింద ఒక పెద్ద నాపరాయి, పక్కనే మూడు రాళ్ల పొయ్యి మీద రాగి కాగు. పోసుకున్న నీళ్లు రాతి మీంచి జారి నేరుగా అరటి పాదుల్లోకి పోయేవి. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. తలంటి పోసుకున్న రోజున రాయి నూనె జిడ్డుతో జర్రున జారేది. అందరి స్నానాలూ అయ్యాక మా నాయనమ్మ కుంకుడు పిప్పిని పారేయకుండా రాతి మీద పరిచి, పైన గుప్పెడు పొయ్యి బూడిద చల్లి, కొబ్బరిపీచుతో గరగర రుద్ది, నాలుగు చెంబుల వేణ్ణీళ్లు కొట్టేది. కాగుకు మాత్రం చింతపండు పిప్పి, కాస్త ఉప్పు. కాగు తోమిన పులుపునీళ్లు రాతి మీద పడితే ఊరుకునేది కాదు. "రాయి పాడైపోద్దిరా, అటు తీసుకెళ్లి తోము" అని కసిరేది. ఎందుకో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు. నాపరాయి అంటే సున్నపురాయేననీ, పులుపు సున్నాన్ని తినేస్తుందనీ నాకు తెలిసేసరికి ఆవిడ పోయి పదేళ్లయింది.

ఆవిడకు తెలిసిన లెక్క ఒక్కటే: జిడ్డుకు బూడిద, చిలుముకు పులుపు. అంటే ఒకటి క్షారం, రెండోది ఆమ్లం. తరవాత బజారులోకి వచ్చిన సీసాల్లో, డబ్బాల్లో చాలావాటిని విప్పి చూస్తే ఉండేది ఈ రెంటిలో ఏదో ఒకటే. రంగూ వాసనా పేరూ మారాయి.

బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. పొటాష్ అనే ఇంగ్లీషు మాటకే కుండలో కాచిన బూడిద అని అర్థం. ఆల్కలీ అనే మాట అరబ్బులది. చవిటి నేలల్లో పెరిగే మొక్కలను కాల్చగా వచ్చిన బూడిదకు వాళ్లు పెట్టుకున్న పేరు అది. మన చాకలివారు చౌడు నేలల మీద తెల్లగా పొంగే మట్టిని గీకి తెచ్చి, బట్టలు ఉబ్బకు వేసేటప్పుడు వాడేవారు. అందులో పనిచేసేది సోడియం కార్బొనేట్, అంటే మనం చాకలిసోడా అని కొనుక్కునేదే. కుంకుడు చెట్టుకు లాటిన్‌లో ఉన్న సాపిండస్ అన్న పేరుకు భారతదేశపు సబ్బు అని అర్థం చెబుతారు. ఇక చింతపండును అరబ్బులు తమర్ హిందీ అన్నారు, హిందూ దేశపు ఖర్జూరం అని. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అదే. దాని పులుపు టార్టారిక్ ఆమ్లం. మన పెరటి సామాను పేర్లు ఇన్ని దేశాలు తిరిగి వచ్చాయి.

ఇప్పుడు కాస్త ఫ్రాన్సు దాకా వెళ్లాలి, ఓపిక పట్టండి. సబ్బుకూ గాజుకూ చాలినంత బూడిద దొరకని రోజుల్లో నికొలా లెబ్లాంక్ అనే వైద్యుడు మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతి కనిపెట్టి 1791లో పేటెంటు పొందాడు. అందులో మొదటి మెట్టు ఉప్పు మీద గంధకామ్లం పోయడం. అలా పోసినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా లేస్తుంది. ఇంగ్లండులో సోడా కార్ఖానాలు ఆ ఆవిరిని పొగగొట్టాల్లోంచి అలాగే గాలిలోకి వదిలేసేవి. చుట్టుపక్కల చెట్లూ పైర్లూ మాడిపోయి జనం గగ్గోలు పెడితే 1863లో ఆల్కలీ చట్టం అని ఒకటి చేసి, ఆ ఆవిరిలో నూటికి 95 పాళ్లు పట్టి తీరాలన్నారు. పట్టిన ఆమ్లాన్ని ఏం చేయాలి? దాని నుంచి క్లోరిన్ తీసి, సున్నానికి పట్టించి, బ్లీచింగ్ పౌడరు చేశారు. ఆ పొడిని గ్లాస్గోలో చార్లెస్ టెనెంట్ 1799లోనే పేటెంటు చేసి ఉన్నాడు, బట్టలు తెల్లబరచడానికి. అంటే చాకలిసోడా, యాసిడ్, బ్లీచింగ్ పౌడరు మూడూ ఒకే కార్ఖానాలో పెరిగిన దాయాదులు. దాయాదుల్ని ఒక గదిలో పెట్టకూడదని మనవాళ్లకు వేరే చెప్పాలా!

బట్టల కోసం పుట్టిన ఆ పొడి 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ చేతిలో పడి బాలింతలను కాపాడింది. పురుడు పోసే ముందు వైద్యులు ఆ నీళ్లతో చేతులు కడుక్కోవాలని ఆయన పట్టుబట్టాడు. మేము ఉద్యోగంలో చేరేనాటికి అది మా ప్రధానాయుధం. బావిలో వెయ్యి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి పొడి అని లెక్క. తాజా పొడిలో మూడోవంతు దాకా క్లోరిన్ శక్తి ఉంటుంది. మూత తీసి వదిలేస్తే, తేమ తగిలితే, అది ఉత్త సున్నమే. గోదాములో ఏడాది పడి ఉన్న పొడిని కాల్వల పక్కన ముగ్గులా చల్లించి, రిజిస్టరులో సంతకం చేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

ఫినాయిలు సంగతి వేరు. అది బొగ్గు తారు సంతానం. 1867లో జోసెఫ్ లిస్టర్ శస్త్రచికిత్స గాయాలకు కార్బాలిక్ ఆమ్లం వాడి ఫలితాలు ప్రకటించాక తారు సరుకుకు గౌరవం వచ్చింది. మన దేశంలో ప్రఫుల్లచంద్ర రాయ్ గారు నెలకొల్పిన బెంగాల్ కెమికల్స్ సంస్థ పేరు ఫినాయిలు డబ్బాల మీద చూసినవారు మనలో చాలామందే ఉంటారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఫినాయిలు సూక్ష్మజీవుల్ని చంపుతుంది గాని మకిలిని వదిలించదు. మకిలి మీద పోసిన ఫినాయిలు సగం దండగ. ముందు రుద్ది కడిగి, తరవాత పోయాలి.

ఇక్కడ ఒక మాట రాయకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. నేను చేరిన కొత్తలో ఊళ్లో చాలా ఇళ్లకు పాయిఖానాలంటే వెనక సందులోకి తలుపున్న గూళ్లు. తెల్లవారకముందే ఆడవాళ్లు రేకు, చీపురు, తట్ట పట్టుకొని వచ్చి చేతులతో ఎత్తిపోసేవారు. వారు కోరుకున్న సామాను కూడా బూడిదే. తట్ట అడుగున ఒక పొర, పైన ఒక పొర. కొందరు ఇంటివారు ఆ గుప్పెడు బూడిద కూడా గుమ్మంలోంచి విసిరేవారు, చేతికి ఇచ్చేవారు కాదు. మస్తరులో వారి హాజరు వేసింది నేనే. చేతికి తొడుగులు ఇమ్మని పైకి ఒక్క కాగితమైనా రాసిన గుర్తు లేదు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో మరొకటి వచ్చాయి. కోలార్ బంగారు గనుల్లో తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికే 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నారు.

ఇక మా ఇంటి సంగతి. 1996లో సొంత ఇల్లు కట్టుకున్నాం. గదికి ఆనుకొని స్నానాల గది, గోడలకు తెల్ల టైల్సు, బోరు నీళ్లు. ఏడాది తిరక్కుండా కొళాయిల చుట్టూ తెల్లటి పొక్కులు, టైల్సు మీద చారలు. బోరు నీటిలో కరిగి ఉన్న సున్నం నీరు ఆరగానే గట్టిపడి అలా పేరుకుంటుంది. దానికి తోడు ఆ సున్నంతో సబ్బు కలిసి జిగట తెట్టు కడుతుంది. సున్నిపిండి రోజుల్లో ఈ తెట్టు లేదు. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక బట్టలకు ఆ బాధ తప్పింది గాని ఒంటి సబ్బుకు తప్పలేదు.

ఒక ఆదివారం మా ఆవిడ బ్లీచింగ్ పౌడరు తడిపి నేలంతా పులిమి వెళ్లింది. మరకలు పోలేదని నేను తలుపు దగ్గరకు వేసుకొని, దాని మీదే యాసిడ్ సీసా వంచాను. పాతికేళ్లు బ్లీచింగ్ పౌడరుతో కాపురం చేసినవాణ్ణి! పచ్చటి ఆవిరి లేచింది. గొంతు పట్టేసింది, కళ్లు కనిపించలేదు, గడియ ఎటుందో చేతికి దొరకలేదు. దగ్గు విని మా ఆవిడ తలుపు తోసి, చొక్కా పట్టుకొని వరండాలోకి లాగింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను, ఆరు నెలలు మెట్లెక్కితే ఆయాసం. ఆ ఆవిరి పేరు క్లోరిన్. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది దాన్నే. యాసిడ్ అనే ఏముంది, ఏ పులుపు తగిలినా బ్లీచింగ్ పౌడరు ఆ ఆవిరినే వదులుతుంది, కాస్త హెచ్చు తక్కువగా. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. అందుకు కారణం ఆడపిల్లల మీద జరిగిన దాడులు. మా ఇంట్లో మాత్రం ఆ ఆంక్ష 1997 నుంచే అమల్లో ఉంది.

అప్పటినుంచి మేము నాయనమ్మ లెక్కకే తిరిగి వచ్చాం. చారు పిండగా మిగిలిన చింతపండు పిప్పి, రసం తీసిన నిమ్మ డొప్పలు ఒక గిన్నెలో దాస్తాం. కొళాయి పొక్కులకు ఆ పులుపునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి అరగంట వదిలి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేస్తే చాలు. ప్లాస్టిక్ బకెట్ల తెల్లచారకూ ఇదే మందు. నేల జిడ్డుకూ పాచికీ అర బకెట్ వేణ్ణీళ్లలో రెండు చెంచాల చాకలిసోడా. చేతులు మండుతాయి గనుక తొడుగులు ఉండాలి. రుద్దడానికి ఎండిన బీరపీచు. అద్దానికి తడిపిన న్యూసు పేపరు. ఈ మధ్య వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే ఏదో మహిమ ఉందని పిల్లలు చెబుతున్నారు. నురగ బాగానే వస్తుంది. కాని క్షారం, ఆమ్లం కలిస్తే ఒకదాన్నొకటి తినేసి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఒకటి వాడి, కడిగి, తరవాత రెండోది వాడండి.

పులుపు వాడే ముందు కింద ఉన్నది ఏమిటో చూసుకోవాలి. కడప నాపరాయి, షాబాదు, తాండూరు, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాళ్లే. పాలరాయీ అంతే, మొజాయిక్‌లో ఉండేవీ పాలరాతి ముక్కలే. వాటి మీద యాసిడ్ పోస్తే ఆ రోజుకు తళతళలాడతాయి, మెల్లగా గరుకెక్కి మరింత మకిలి పట్టుకుంటాయి. మూల ఒక నిమ్మచుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. నురగ వచ్చినా, మెరుపు చచ్చినా పులుపు వద్దు. అక్కడ సోడాయే గతి.

ఇవన్నీ ఒక ఎత్తు, వాటం ఒక ఎత్తు. నాలుగువేల ఏళ్లకు పైబడిన మొహెంజొదారో ఇళ్లలో స్నానాల గదుల ఇటుక నేలను నీళ్లు మూలకు జారేట్టు ఏటవాలుగా కట్టారు. మా మేస్త్రీకి అది చేతకాలేదు. తూముకు ఎదురు మూల నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట పాచి పడుతుంది, పాచి మీద మన కాలు పడుతుంది. నీళ్లు లాగే రబ్బరు కర్ర ఒకటి తలుపు వెనకే పెట్టుకున్నాం. ఆఖరున స్నానం చేసినవారు నేల లాగి రావాలన్నది మా ఇంటి జీవో.

మొన్న హైదరాబాదు నుంచి మనవరాలు ఫోను చేసింది. కొత్త ఫ్లాటులో స్నానాల గది గడప మీద మరకలట, నిమ్మకాయ ఉప్పు అద్ది రుద్దబోతున్నానంది. ముందు అది రాయో టైలో చూడు తల్లీ అన్నాను. కాసేపటికి మళ్లీ చేసి చెప్పింది, పాలరాయేనట.