జీఎన్ఈ మయోపతి

జీఎన్ఈ మయోపతి తల్లిదండ్రుల జన్యువుల నుంచి సంక్రమించే అరుదైన కండర క్షీణత వ్యాధి. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. పది లక్షల మందిలో ఒకరి నుంచి తొమ్మిది మంది వరకు దీని బారిన పడవచ్చని అంచనా. 1981 నుంచి వైద్య గ్రంథాల్లో ఉన్నా, ఈ పేరు స్థిరపడింది 2014లోనే. ఆ మధ్యకాలంలో ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో చెలామణీ అయింది.

అంతవరకు చక్కగా తిరిగిన మనిషికి నడుస్తుండగా కాలి నుంచి హవాయి చెప్పు జారిపోతుంటుంది. పాదాన్ని పైకి లేపే కండరం బలం తగ్గడంతో వేళ్లు నేలకు రాసుకుంటాయి, గడప తగిలి తూలుతారు. నడుములో నరం నొక్కుకుందనో, డిస్క్ జారిందనో అనుకుని ఏళ్లు గడిపేసే వాళ్లు ఎందరో. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్ పరీక్ష కూడా పెద్దగా పట్టివ్వదు, కొద్దిపాటి పెరుగుదలే కనిపిస్తుంది. తర్వాత పిక్కలు, తొడ వెనుక కండరాలు, చేతులు సన్నబడతాయి. చాలామందికి పది, ఇరవై ఏళ్లలో చక్రాల కుర్చీ అవసరమవుతుంది. విచిత్రం ఏమిటంటే తొడ ముందు వైపున్న క్వాడ్రిసెప్స్ కండరం మాత్రం చాలాకాలం గట్టిగా నిలుస్తుంది. మోకాలు మడత పడకుండా మనిషిని నిలబెట్టేది అదే. ఈ వ్యాధి చరిత్రలో ఒక పెద్ద ఆధారం కూడా అదే అయింది.

కండరాల జబ్బులు సాధారణంగా తుంటి, భుజాల దగ్గర మొదలవుతాయి. పాదాలు, చేతుల చివర్లలో మొదలయ్యే రకాన్ని ఇంగ్లాండ్‌లో విలియం గోవర్స్ 1902లో వర్ణించారు. స్వీడన్‌లో లీసా వెలాండర్ 1951లో అలాంటి మరో వ్యాధి మీద పెద్ద అధ్యయనం ప్రచురించారు. కానీ అది వేరే జబ్బు, అందులో బలహీనత చేతివేళ్లలో మొదలవుతుంది. మన కథ జపాన్‌లో ఇకుయా నొనాకాతో మొదలవుతుంది. 1981లో ఆయన బృందం కొన్ని కుటుంబాల్లోని రోగుల కండరం ముక్కలకు రంగు అద్ది సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. కండర కణాల లోపల చిన్న చిన్న ఖాళీలు, వాటి అంచున ఎర్రని రేణువులు కనిపించాయి. చివరి కండరాల్లో మొదలై, అంచు కట్టిన ఖాళీలు కనిపించే మయోపతి అని దానికి పేరు పెట్టారు. పేరు పొడుగే, అయినా కళ్లకు కనబడినదాన్నే చెప్పింది.

మూడేళ్ల తర్వాత జెరూసలేంలో జొహార్ అర్గోవ్, రీనా యారోమ్ ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడిన యూదు కుటుంబాల్లో ఒక జబ్బును వివరించారు. అంచు కట్టిన అవే ఖాళీలు ఇక్కడా ఉన్నాయి. వాళ్ల దృష్టి ముఖ్యంగా చెడిపోని క్వాడ్రిసెప్స్ మీద పడింది. క్వాడ్రిసెప్స్‌ను విడిచిపెట్టే మయోపతి అని వ్యాధికి పేరు పెట్టారు. ఇరాన్ యూదుల్లో సుమారు 1500 మందికి ఒకరికి ఇది ఉంటుందని తర్వాత తేలింది. 1990లలో వంశపారంపర్య ఇన్‌క్లూజన్ బాడీ మయోపతి అనే మరో పేరు ప్రచారంలోకి వచ్చింది. అది ముసలితనంలో వచ్చే వేరే జబ్బుతో కలగాపులగం అయిపోయి మేలు కంటే గందరగోళమే ఎక్కువ చేసింది. జపాన్‌లో ఒకరు పాదం చూశారు, జెరూసలేంలో ఒకరు తొడ చూశారు. ఇద్దరూ చూసింది ఒకే వ్యాధి అని చెప్పడానికి జన్యువు దొరకాల్సి వచ్చింది.

స్టెల్లా మిత్రానీ-రోజెన్‌బామ్ బృందం 1996లో లోపం 9వ క్రోమోజోమ్ మీద ఉందని గుర్తించింది. మరుసటి ఏడాది జపాన్ రోగుల లోపం కూడా అదే ప్రాంతానికి చేరింది. 2001లో మిత్రానీ-రోజెన్‌బామ్ బృందమే జీఎన్ఈ అనే జన్యువును పట్టుకుంది. 2002లో ఇచిజో నిషినో తదితరులు జపాన్ రోగుల్లోనూ అదే జన్యువు చెడిందని చూపించారు.

ఈ జన్యువు తయారు చేసే ఎంజైమ్ ఒక్కటే రెండు పనులు చేస్తుంది. సియాలిక్ ఆమ్లం తయారీలో మొదటి రెండు మెట్లు దానివే. కణాల ఉపరితలం మీద ఉండే చక్కెర గొలుసుల చివర అంటుకుని ఉండే పదార్థం ఇది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బ్లిక్స్ లాలాజల గ్రంథుల జిగురు నుంచి వేరు చేయడం వల్ల, లాలాజలానికి గ్రీకు మాటను బట్టి ఆ పేరు వచ్చింది. ఇదే జన్యువు మరో చోట మారితే సియాలిక్ ఆమ్లం అతిగా తయారై మూత్రంలో పోయే సియాలురియా అనే వేరే జబ్బు వస్తుంది.

జీఎన్ఈ మయోపతిలో మాత్రం ఎంజైమ్ పని మందగించి సియాలిక్ ఆమ్లం తగ్గుతుంది. తక్కువైందాన్ని బయటి నుంచి ఇస్తే సరిపోతుందన్న ఆశ సహజం. 2009లో జపాన్‌లో మే క్రిస్టీన్ మాలిక్దాన్ తదితరులు లోపమున్న ఎలుకలకు ముందుగానే సియాలిక్ ఆమ్లం, దాని సంబంధిత పదార్థాలు ఇచ్చి కండర క్షీణతను ఆపగలిగారు. మనుషుల్లో అంత సులువు కాలేదు. అల్ట్రాజెనిక్స్ సంస్థ నెమ్మదిగా విడుదలయ్యే సియాలిక్ ఆమ్లం మాత్రలతో 89 మందిపై 48 వారాలు జరిపిన మూడో దశ ప్రయోగంలో, మందు తీసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో ఆ ఫలితం వెలువడ్డాక సంస్థ వెనక్కి తగ్గింది. జపాన్ మాత్రం తన సొంత ప్రయోగాలు కొనసాగించి 2024లో ఆ మందుకు అనుమతి ఇచ్చింది. ఈ తేడాను చూస్తే వ్యాధి మొత్తం సియాలిక్ ఆమ్లం కొరతేనా అన్న ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

భారతదేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఎ. నళిని బృందం 2010లో 23 మంది రోగుల లక్షణాలను ప్రచురించింది. భారత ఉపఖండంలో ఎక్కువగా కనిపించే మార్పు వి727ఎం, అంటే 727వ స్థానంలో వాలిన్‌కు బదులు మెథియోనిన్ చేరడం. పాత రిపోర్టుల్లో ఇదే వి696ఎం అని ఉంటుంది. ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలను లెక్కించే పద్ధతిని 2014లో మార్చడంతో సంఖ్యలు 31 చొప్పున పెరిగాయి. రెండు రిపోర్టుల్లో రెండు అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు. నిమ్హాన్స్ వైద్యులే మరో సులువైన గుర్తునూ ముందుకు తెచ్చారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి తల ఎత్తమంటే బొడ్డు పైకి జరుగుతుంది. పొట్ట కింది భాగపు కండరాలు పై భాగం కంటే బలహీనం కావడమే కారణం. దీన్ని బీవర్ గుర్తు అంటారు. ఖర్చు లేని పరీక్ష.

వ్యాధి రావాలంటే తల్లి నుంచి, తండ్రి నుంచి ఒక్కో చెడిన జన్యువు రావాలి. ఒక్కటే ఉన్నవాళ్లు ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరూ వాహకులైతే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఒకే పూర్వీకుడి నుంచి ఇద్దరికీ అదే జన్యువు చేరే వీలు ఎక్కువ. వి727ఎం వంటి మార్పు వ్యాపించిన చోట బంధుత్వం లేని దంపతుల పిల్లలకూ ఇది రావచ్చు. అందుకే ఇంట్లో ఒకరికి నిర్ధారణ అయితే తోబుట్టువులు జన్యు సలహా తీసుకోవడం మంచిది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఎంపికైన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి ఒకటిగా ఉన్నాయి.