ప్రపంచ సభల్లో యువకుల మాట

సభలకు కుర్చీలు వేసేది కుర్రవాళ్లు, తీర్మానం వ్రాసేది పెద్దలు. ఇది మనమెరిగిన సంగతే. ఐక్యరాజ్యసమితిలోనూ చాలాకాలం ఇదే వరస. తన 25 ఏళ్ల పండుగకు 1970లో న్యూయార్కులో ప్రపంచ యువజన సభ జరిపింది. 1985ను అంతర్జాతీయ యువజన సంవత్సరమన్నది. పిలుపులైతే వచ్చాయి గాని, పెద్దల కాగితాల్లో యువకుల మాటకు చోటెక్కడ?

ఆ చోటు 1992లో రియో డి జనీరో మహాసభలో కొంత దొరికింది. అక్కడ ఆమోదించిన 'అజెండా 21' పత్రంలో 25వ అధ్యాయం పిల్లలది, యువజనులది. 2000 నాటికి ప్రతి దేశంలోనూ యువతీ యువకుల్లో సగానికి పైగా మందికి హైస్కూలు చదువో, దానికి సమానమైన చదువో అందాలన్నారు. తమ బ్రతుకులకు సంబంధించిన నిర్ణయాల్లో యువకులను కలుపుకోవాలని కూడా వ్రాశారు. 1995 నాటి ప్రపంచ యువజన కార్యాచరణలో 10 అంశాలున్నాయి. నిర్ణయాల్లో పాలుపంచుకోవడం అందులో పదోది. ఆఖరున పెట్టడం మాకు నచ్చలేదనుకోండి!

2013లో జోర్డాన్ దేశస్థుడు అహ్మద్ అల్ హెందావీ, 28 ఏళ్లవాడు, యువజన వ్యవహారాల్లో ప్రధాన కార్యదర్శికి తొలి ప్రతినిధి అయ్యాడు. 2022లో జనరల్ అసెంబ్లీ ఏకంగా యువజన కార్యాలయాన్నే నెలకొల్పింది. ఓటు మాత్రం నేటికీ ప్రభుత్వాలదే. అందుకే కొన్ని దేశాలు తమ ప్రతినిధి బృందంలోనే యువకులను కూడా పంపుతున్నాయి.