వఫాదారీ అడగని రేడియో

హైదరాబాద్ టీమ్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండేసార్లు. ఒకటి 1937-38లో, రెండోది 1986-87లో. నడుమ 49 ఏండ్లు. తారీఖ్ రాసేటోళ్ల కలం ఆ రెండు కప్పుల దగ్గర ఆగుతుంది. నా మనసు మాత్రం నడుమ ఉన్న ఇంతెజార్ దగ్గర ఆగుతుంది. ఎందుకంటే మా పాతబస్తీలో ఆ టీమ్‌ను మైదానానికి పోయి చూసినోళ్లు తక్కువ. రేడియోలో ఆ పేరు విని మురిసినోళ్లు, ఉసూరుమన్నోళ్లు ఎక్కువ.

కంచన్‌బాగ్ అంటే ఇయ్యాల అందరికీ మిసైళ్లు, మిధానీ, బీడీఎల్ యాదికొస్తాయి. బీడీఎల్ 1970లో, మిధానీ 1973లో వచ్చాయి. అవి రాకముందు నుంచే ఈ ఇలాఖాకు క్రికెట్‌తో దూరపు చుట్టరికం ఒకటుంది. మాకు దగ్గర్లోనే పాయ్‌గా ఖాందాన్ మఖ్బరాలున్నాయి. ఆ ఖాందాన్‌కు చెందిన నవాబ్ మొయినుద్దౌలా పేరు మీదనే 1930-31లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. రంజీ ట్రోఫీ కంటే అది వయసులో పెద్దది. హైదరాబాద్ క్రికెట్‌కు పునాది రాళ్లలో అదొకటి.

మొదటి రంజీ గెలుపు కిస్సా వింటే ఇప్పుడు కూడా రోమాలు లేస్తాయి. ఫైనల్లో ఎదురుగా నవానగర్, అంతకుముందు సీజన్ చాంపియన్. నవానగర్ తొలి ఇన్నింగ్స్ 152. మనోళ్లు 113కే ఔట్. రెండో ఇన్నింగ్స్‌లో నవానగర్ 270 చేస్తే, మనకు 310 కావాల్సి వచ్చింది. తొమ్మిది వికెట్లు పడ్డాక ఆ 310 చేశారు. ఎడుల్జీ ఐబరా అనే పార్సీ బ్యాట్స్‌మన్ 137 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. కప్తాన్ ఎస్.ఎం. హుస్సేన్. ముస్లిం కప్తాన్, పార్సీ హీరో, టీమ్ పేరు హైదరాబాద్. ఆ జమానాలో దీన్నెవరూ గొప్పగా చెప్పుకోలేదు, ఊరే అట్లుండేది.

రేడియో కూడా ఇంచుమించు అదే రోజుల్లో మన షహర్‌లో పుట్టింది. 1933లో చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే ఆయన 200 వాట్ల చిన్న స్టేషన్ నడిపాడు. 1935లో నిజాం సర్కార్ దాన్ని తీసుకుంది. తర్వాత అదే దక్కన్ రేడియో అయింది. ఎక్కువ ప్రోగ్రాములు ఉర్దూలో ఉండేవి, తెలుగు, మరాఠీ, కన్నడకూ జాగా ఉండేది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. రాజ్యం పోయింది, సిక్కా పోయింది, రేడియో పేరు కూడా పోయింది. మిగిలిన వాటిలో ఒకటి క్రికెట్ టీమ్. స్కోర్‌బోర్డ్ మీద ఇంకా హైదరాబాద్ అనే రాసేవాళ్లు.

కొత్త రేడియో వచ్చిన ఆ సంవత్సరమే, 1950-51 సీజన్‌లో, హోల్కర్ టీమ్ మీద గులాం అహ్మద్ ఒక్క ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేశాడు. అంటే 555 బంతులు. నాలుగు వికెట్లకు 245 పరుగులిచ్చాడు. అంకెల్లో చూస్తే అదేం ఘనకార్యం కాదు. కానీ వికెట్ పడకపోయినా చెయ్యి దించకుండా బంతి వెంట బంతి వేస్తూ పోయిన ఆ సబర్‌లో నాకు 1948 తర్వాతి హైదరాబాదీ ముసల్మాన్ కనబడతాడు. అయిదేండ్లకు, 1955 నవంబర్‌లో, మన ఫతే మైదాన్‌లో జరిగిన మొదటి టెస్టుకు ఆ గులాం అహ్మదే ఇండియా కప్తాన్. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. టెస్టుల్లో ఇండియా తరఫున మొదటి డబుల్ సెంచరీ అది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. టెస్ట్ మ్యాచ్‌కు రేడియోలో పొద్దంతా కామెంటరీ ఉండేది. ఇంగ్లిష్‌లో కొంతసేపు, హిందీలో కొంతసేపు. దాన్ని హిందీ కామెంటరీ అనేవాళ్లు గానీ, మైదాన్, గేంద్‌బాజ్, బల్లేబాజ్, కప్తాన్ అని వింటుంటే మా ఇండ్లలో ఎవరికీ అది పరాయి జబాన్ అనిపించలేదు. ఆ బాజ్ అనే తోక ఫార్సీ నుంచి వచ్చిందే. చదువు రాని ముసలమ్మలకు కూడా ఆట సమజయ్యేది.

రంజీకి అంత భాగ్యం లేదు. చాలా మ్యాచ్‌లకు దక్కేది వార్తల చివర ఆటల ఖబర్‌లో ఒక వాక్యం. హైదరాబాద్ ఇన్ని పరుగులకు ఇన్ని వికెట్లు. అంతే. మర్నాడు సాయంత్రం ఇంకో వాక్యం. మ్యాచ్ మొత్తాన్ని ఆ రెండు మూడు వాక్యాల నుంచి మనమే అల్లుకోవాలి. మా అబ్బా అట్లనే అల్లుకునేవాడు. నిన్న రాత్రికి నాలుగు వికెట్లు, ఇయ్యాలటికి ఏడు, అంటే అబిద్ అలీ ఇంకా ఉన్నట్టే అని లెక్క కట్టేవాడు. సౌండ్ పెద్దగా పెట్టి, దర్వాజా తెరిచి వినేవాడు. హిందుస్తాన్, పాకిస్తాన్ ఆడే రోజు మాత్రం అదే రేడియో సౌండ్ తగ్గించేవాడు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పెద్దయ్యాక ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ రోజు మా రేడియోను గోడ అవతల నుంచి ఎవరో వింటున్నారన్న ఫికర్ అది. ఏ బంతికి చప్పట్లు కొట్టాం, ఏ వికెట్‌కు చప్పుడు చేయలేదు, అన్నీ గవాహీలే.

ఈ ఫికర్ మా ఇంట్లోనే పుట్టింది కాదు. అబ్బాస్ అలీ బేగ్‌ను చూడండి. 1959లో మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టులోనే 112 కొట్టిన హైదరాబాదీ. 1960-61లో పాకిస్తాన్ మీద మూడు టెస్టుల్లో పరుగులు రాలేదు. బల్లేబాజ్ అన్నాక అలాంటి సిరీస్ ఒకటి వస్తుంది. కానీ ఆయనకు విషం నింపిన ఉత్తరాలొచ్చాయి. కావాలనే ఔటయ్యాడన్నారు. టీమ్ నుంచి పోయాడు. మళ్లీ టెస్ట్ ఆడింది 1966-67లోనే. గులాం అహ్మద్ మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ కూడా హైదరాబాద్‌కు రంజీ ఆడినోడే. 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు, తర్వాత ఆ దేశానికి కప్తాన్ అయ్యాడు. ఒకే డ్రెస్సింగ్ రూమ్ నుంచి ఒకరు వెళ్లారు, ఒకరు ఉన్నారు. ఉన్నోడికే ఇమ్తిహాన్ పెట్టారు.

ఆ ఇమ్తిహాన్ ఏండ్లలో బేగ్‌కు హైదరాబాద్ టీమ్ ఉంది. అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బొంబాయి మీద ఆడేటప్పుడు వఫాదారీ ప్రశ్నే రాదు కదా. సికింద్రాబాద్ ఎం.ఎల్. జయసింహ, మన అబిద్ అలీ, కృష్ణమూర్తి, గోవింద్‌రాజ్, జయంతిలాల్ అందరూ ఒకే పేరు కింద ఆడేవాళ్లు. 1971లో వెస్టిండీస్ వెళ్లిన ఇండియా టీమ్‌లో ఈ అయిదుగురూ ఉన్నారు. టైగర్ పటౌడీ కూడా హైదరాబాద్‌కు ఆడాడు. ఇండియాకు పటౌడీ కప్తాన్ అయితే ఆయన కింద జయసింహ ఆడేవాడు. హైదరాబాద్‌కు వచ్చేసరికి జయసింహ కప్తాన్, ఆయన కింద పటౌడీ. ఆ తహజీబ్ చూడండి.

ఇంతమంది ఉన్నా కప్ రాలేదు. జయసింహ 16 సీజన్లు కప్తాన్‌గా ఉన్నాడు, ఒక్క రంజీ కూడా గెలవలేదు. 1958-59 నుంచి 1972-73 దాకా వరసగా 15 సార్లు బొంబాయే గెలిచింది. 1964-65 ఫైనల్లో మనల్ని ఓడించింది కూడా వాళ్లే. 1962-63లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్‌ను తెచ్చి ఆడించినా నసీబ్ మారలేదు.

చివరికి 1986-87లో మారింది. కప్తాన్ ఎం.వి. నరసింహారావు. ఆ సీజన్‌లో అబ్దుల్ అజీం తమిళనాడు మీద 303 నాటౌట్. ఫైనల్ ఢిల్లీలో, ఢిల్లీ మీదే. మ్యాచ్ డ్రా అయింది, తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో కప్ మనది. అబ్బాకు ఆ ఖబర్ రేడియోలోనే అందింది. మామూలు వాక్యమే, రోజూ వినేలాంటిదే. ఆ సాయంత్రం మా గల్లీలో చాయ్ ఎవరు తాగారో, పైసలు ఎవరు కట్టారో ఎవరూ లెక్క పెట్టలేదు.

తర్వాత టీవీ వచ్చి రంజీని ఇంకా చిన్నది చేసింది. 1999-2000లో లక్ష్మణ్ ఒకే సీజన్‌లో 1415 పరుగులు చేసినా, ఫైనల్లో ముంబైకే ఓడాం. 2022-23లో అట్టడుగున నిలిచి, కింది తరగతి అయిన ప్లేట్ గ్రూప్‌కు జారిపోయాం. 2024 జనవరిలో తన్మయ్ అగర్వాల్ అక్కడ అరుణాచల్ మీద 366 కొట్టాడు. 1994లో ఎం.వి. శ్రీధర్ ఆంధ్ర మీద కొట్టింది కూడా సరిగ్గా 366. ఆ సీజన్‌లో ప్లేట్ గెలిచి మళ్లీ పైకొచ్చాం.

తారీఖ్ పుస్తకాల్లో కప్పులు లెక్కపెడతారు. రెండంటే రెండే, సరే. కానీ ఒక ఊరి ముసల్మాన్లు గొంతు తగ్గించుకోకుండా "మనోళ్లు" అని అనగలిగిన జాగాల లెక్క కూడా ఎవరైనా రాయాలి. ఆ లెక్కలో హైదరాబాద్ రంజీ టీమ్ ఒకటి. దాని స్కోరు చెప్పిన ఆ రోజుకొక్క వాక్యం ఇంకొకటి.